ఎన్నిసార్లు చేయించారు? పక్షవాతం పేషెంట్‌తో లెక్క తప్పకుండా పనిచేయడం, నేర్పడం, పరిశోధించడం

పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి చేత ఒక సెషన్‌లో చేతి పని ఎన్నిసార్లు చేయించాం? అడిగితే చాలామంది "బాగానే చేయించాం" అంటారు. అమెరికాలో కేథరిన్ లాంగ్ అనే ఫిజియోథెరపిస్టు బృందం 312 సెషన్లు గమనించి, లెక్కపెట్టి 2009లో ప్రచురించింది. చేతితో నిజమైన పని చేయించిన సెషన్లలో అది సగటున 32 సార్లు జరిగింది. మెదడు మారుతుందని చూపిన జంతు ప్రయోగాల్లో ఆ లెక్క వందల్లో ఉంటుంది. మన దగ్గర ఇంకా కొన్నిచోట్ల సెషన్ అంటే పావుగంట కండరాలకు కరెంటు పెట్టడం, పది నిమిషాలు మసాజు, ఆపైన చెయ్యి పట్టుకుని పదిసార్లు ఎత్తి దించడం. పేషెంట్ తానుగా చేసిన కదలిక అందులో సున్నా.

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం లాంటి ఊళ్లలో వార్డులోనో సొంత క్లినిక్‌లోనో పనిచేస్తూ, ఇంటర్న్‌లకు నేర్పుతూ, ఒక చిన్న పరిశోధన కూడా చేయాలనుకునే ఫిజియోథెరపిస్టుల కోసం రాసిన పద్ధతి ఇది. ఖరీదైన మెషీన్లు అక్కర్లేదు. 2019లో బ్రిటన్‌లో 770 మందితో చేసిన రాట్యుల్స్ ట్రయల్‌లో (ట్రయల్ అంటే పేషెంట్లను గ్రూపులు చేసి చికిత్సలను పోల్చి చూసే పరిశోధన) రోబోతో చేయించిన చేతి శిక్షణ, మామూలు చికిత్స కంటే చేతి పనితీరును మెరుగుపరచలేదు. కావలసింది స్టాప్‌వాచ్, టేపు, వడ్రంగి చేసిన ఒక పెట్టె, అద్దం, లెక్క రాసే కాగితం.

కొలవకుండా మొదలుపెట్టొద్దు

మొదటి రోజే మూడు కొలతలు తీయండి. నడక వేగం, చేతి పని, బ్యాలెన్స్.

నడకకు 14 మీటర్ల వరండా చాలు. నేల మీద 0, 2, 12, 14 మీటర్ల దగ్గర రంగు టేపు అంటించండి. పేషెంట్ 0 దగ్గర మొదలుపెట్టి 14 దాటేదాకా నడవాలి. ముందుకాలి వేళ్లు 2 మీటర్ల గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కండి, 12 దాటగానే ఆపండి. మొదటి రెండు మీటర్లు వేగం అందుకోవడానికి, చివరి రెండు ఆగడానికి. వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. రెండుసార్లు నడిపించి సగటు రాయండి. పదిని సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. 25 సెకన్లు పడితే సెకనుకు 0.4 మీటర్లు. నాలుగు వారాల తర్వాత 16 సెకన్లకు వస్తే 0.62. తేడా 0.22. పక్షవాతం వచ్చిన మొదటి రెండు నెలల్లో 0.16 పెరిగితే అది పేషెంట్ జీవితంలో తెలిసే మార్పు అని 2010లో ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి ఈ మనిషికి నిజంగానే మేలు జరిగింది.

ఈ చిన్న పరీక్షలో తప్పులు ఎక్కువ. "స్టార్ట్" అనగానే వాచీ నొక్కేయడం ఒకటి. ధైర్యం కోసం పేషెంట్‌కి ముందు నడవడం మరొకటి, అప్పుడు మనం కొలిచేది మన వేగాన్ని. పడిపోయిన వైపు, అర అడుగు వెనక నడవండి. అన్నింటికంటే ఎక్కువగా కొంప ముంచేది చెప్పులు. హవాయి చెప్పులతో వచ్చిన పెద్దాయనకు నాలుగడుగులకే బలహీనమైన కాలి చెప్పు జారిపోతుంది, ఆయన దాన్ని వెతుక్కుంటూ ఆగుతాడు. వట్టి కాళ్లతోనో, వెనక బెల్టున్న చెప్పులతోనో చేయించి, ఏది వాడారో రాసిపెట్టండి. రెండోసారి కూడా అదే వాడాలి. చేతికర్ర కూడా అంతే. కర్ర మారితే పోలిక పోయినట్టే.

వేగాన్ని ఇంట్లోవాళ్లకు అంకెగా చెప్పొద్దు. 0.4 లోపు ఉంటే ఇంట్లో గదుల మధ్య తిరగగలరు. 0.4 నుంచి 0.8 దాకా వీధి చివరి అంగడికి వెళ్లిరాగలరు. ట్రంకు రోడ్డు ఒంటరిగా దాటాలంటే 0.8 పైన ఉండాలి. ఇలా చెబితే కోడలికీ అర్థమవుతుంది, పేషెంట్‌కీ ఒక గమ్యం దొరుకుతుంది.

చేతికి బాక్స్ అండ్ బ్లాక్ పరీక్ష. దీని పెట్టెను ఏ వడ్రంగైనా చేస్తాడు. పొడవు 53.7 సెంటీమీటర్లు, వెడల్పు 25.4, మధ్యలో అడ్డుపలక ఎత్తు 15.2. లోపల 2.5 సెంటీమీటర్ల చెక్క ఘనాలు 150. ఒక్కో ఘనాన్ని తీసి అడ్డుపలక మీదుగా రెండో వైపు వేయాలి. ముందు బాగున్న చేత్తో, తర్వాత బలహీనమైన చేత్తో చేయించాలి. 15 సెకన్లు అలవాటుకు, ఆ తర్వాత ఒక నిమిషం లెక్కకు. వేళ్లు అడ్డుపలక దాటితేనే ఒకటి. విసిరితే లేదు. రెండు ఒకేసారి పట్టుకెళ్లినా ఒకటే. చెక్కను ఇసుక కాగితంతో బాగా రుద్దించండి, గరుకు చెక్కకు పట్టు దొరికి అంకె పెరుగుతుంది. బ్యాలెన్స్‌కు బెర్గ్ స్కేలు ఉండనే ఉంది. 14 అంశాలు, మొత్తం 56 మార్కులు.

పక్షవాతం వచ్చిన రెండు మూడు రోజుల్లో మరొక్కటి చూడండి. వేళ్లు కొద్దిగానైనా తానే చాపగలడా? భుజం పక్కకు ఎత్తగలడా? నెదర్లాండ్స్‌లో 188 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో రెండో రోజుకే ఈ రెండూ కొంత ఉన్నవాళ్లలో ఆరు నెలలకు చేతికి ఎంతోకొంత నైపుణ్యం తిరిగివచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివాళ్లలో 25 శాతం. "అబ్బయ్యా, చెయ్యి తిరిగొస్తాదా?" అని అడిగినప్పుడు మనం ఇచ్చే జవాబు దీని మీద నిలబడాలి. లేని ఆశ పెట్టొద్దు. ఉన్న ఆశను దాచొద్దు.

ఏం చేయించాలి, ఎంత చేయించాలి

మొదటి 24 గంటల్లో తొందర వద్దు. 2015లో వచ్చిన అవెర్ట్ ట్రయల్‌లో 2104 మంది ఉన్నారు. తొలి రోజే ఎక్కువసేపు, ఎక్కువసార్లు లేపినవాళ్లలో మూడు నెలలకు మంచి ఫలితం 46 శాతం. మామూలు పద్ధతిలో 50 శాతం. అంటే మంచంలోనే పడుకోబెట్టమని కాదు. అదే ట్రయల్ లెక్కల్ని మళ్లీ చూసినప్పుడు, కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపడమే మేలని తేలింది. రోజుకు ఒకసారి ముప్పావుగంట కూర్చోబెట్టే బదులు ఐదారుసార్లు పదేసి నిమిషాలు కూర్చోబెట్టండి. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ బీపీ చూడండి. పై అంకె 180 దాటితే డాక్టర్‌ని అడగనిదే లేపవద్దు.

కూర్చున్న చోటి నుంచి లేవడం అన్నింటికంటే విలువైన ఎక్సర్‌సైజ్. నులక మంచం మీద నేర్పొద్దు. అది కుంగి తుంటి మోకాలి కంటే కిందికి పోతుంది, బాగున్నవాడికే లేవడం కష్టం. చేతులు లేని గట్టి కుర్చీ తీసుకుని, కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచండి. మామూలు కుర్చీ 45 సెంటీమీటర్లుంటే, బలహీనంగా ఉన్నవాళ్లకు 55 దగ్గర మొదలుపెట్టండి. మడమలు మోకాలికి ఓ పది సెంటీమీటర్లు వెనక ఉండాలి. పడిపోయిన కాలిని బాగున్న కాలి కంటే కాస్త వెనక పెట్టండి, బరువు దాని మీదికి వస్తుంది. రెండు చేతులూ కలిపి ముందుకు చాపి, ముక్కు కాలి బొటనవేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు లేవమనండి. చాలామంది వంగకుండానే పైకి లేవబోయి వెనక్కి పడతారు. పక్కనున్నవాళ్లు అది చూసి చంక కింద చెయ్యేసి పైకి లాగుతారు. భుజం నొప్పి పుట్టేది సరిగ్గా అక్కడే. సాయం కావాలంటే నడుముకు కట్టిన బెల్టు పట్టుకోమనండి, తువ్వాలు మెలిపెట్టి కట్టినా సరిపోతుంది.

బరువు ఏ కాలి మీద పడుతోందో కళ్లతో చూసి చెప్పలేం. రెండు బరువు మెషీన్లు పక్కపక్కన పెట్టి, ఒక్కో దాని మీద ఒక్కో కాలు ఉంచండి. 60 కిలోల మనిషి నిలబడినప్పుడు బాగున్న వైపు 45, ఇటు 15 చూపిస్తే ఆ అంకె పేషెంటే చదువుకుని సరిచేసుకుంటాడు. ఇలా లేవడం పదిసార్లు చొప్పున మూడు విడతలు, రోజుకు మూడుసార్లు. చేతుల సాయం లేకుండా పదీ తేలిగ్గా వస్తే ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించండి. తేలిగ్గా వస్తున్నా ఎత్తు తగ్గించకపోతే శిక్షణ ఆగిపోయినట్టే.

చేతికి చింతగింజలు చాలు. ఎడమవైపు ఒక గిన్నె, కుడివైపు ఒక గిన్నె, మధ్యలో ఒక ఇటుక. గింజ ఒక్కొక్కటే తీసి ఇటుక మీదుగా రెండో గిన్నెలో వేయాలి. గిన్నెలో వంద గింజలు పోస్తే లెక్క దానంతటదే తెలుస్తుంది. వంద పూర్తయ్యాక కాసేపు ఆగి మళ్లీ. రోజు మొత్తానికి మూడు వందలు లక్ష్యం పెట్టుకోండి. గింజ పట్టు దొరకనివాళ్లకు నిమ్మకాయలతో, ఆపైన స్టీలు గ్లాసుతో మొదలుపెట్టండి. నడుము ముందుకు వంచి గిన్నె అందుకుంటుంటే మోచెయ్యి చాచడం నేర్చుకోవడం లేదన్నమాట. కుర్చీ వీపుకు ఛాతీని తువ్వాలుతో వదులుగా కట్టండి, అప్పుడు చెయ్యి చాపక తప్పదు.

మణికట్టు, వేళ్లు కనీసం కొద్దిగా పైకి లేస్తున్నవాళ్లకు బాగున్న చేతిని కట్టేసి బలహీనమైన చేత్తోనే పనిచేయించే పద్ధతికి గట్టి రుజువుంది. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో 222 మంది. మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం సేపు బాగున్న చేతికి మిటెన్ (వేళ్లు విడిగా లేని తొడుగు), రెండు వారాలు. ఇంట్లో దీన్ని అలాగే చేయడం కుదరదు. రోజుకు మూడు నాలుగు గంటలు, మందపాటి సాక్సు తొడిగి మొదలుపెట్టండి. మెట్లెక్కేటప్పుడు, బాత్రూంలో తప్పకుండా తీసేయాలి. లేకపోతే జారినప్పుడు పట్టుకోవడానికి చెయ్యి ఉండదు.

కదలిక బాగా తక్కువున్నవాళ్లకు అద్దం. చెయ్యి తెగినవాళ్ల నొప్పికి అద్దాన్ని వాడి చూపింది తమిళనాడులో పుట్టిన నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, 1990లలో. పక్షవాతానికి దీని మీద 2018 నాటి కాక్రేన్ సమీక్షలో (ఒక చికిత్స మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి తూచే సమీక్ష) 62 అధ్యయనాలు, 1982 మంది ఉన్నారు. కదలిక మెరుగవుతుందని చెప్పడానికి ఓ మోస్తరు బలమైన రుజువు దొరికింది. 18 అంగుళాలు, 24 అంగుళాల అద్దం ఫ్రేముల షాపులో దొరుకుతుంది. అంచులకు టేపు వేయించండి. ఛాతీ నడిమధ్యకు ఎదురుగా, అద్దం ముఖం బాగున్న చేతి వైపు ఉండేలా నిలువుగా పెట్టి, బలహీనమైన చేతిని వెనక దాచి, బాగున్న చేతి ప్రతిబింబం చూస్తూ రెండు చేతులూ కదిలించమనాలి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. గాజులు, ఉంగరాలు, వాచీ రెండు చేతులకీ తీసేయించండి. అద్దంలో గాజులు కనిపించి, లోపలున్న చేతికి లేవని తెలిస్తే ఆ చెయ్యి తనదే అన్న భావన రాదు. గాజులు తీయడానికి ఒప్పుకోకపోతే రెండో చేతికీ అవే వేయించండి.

వదిలేయాల్సినవి కూడా ఉన్నాయి. తలపైనుంచి తాడుతో చెయ్యి లాగే కప్పీ తీసేయండి. 1990లో 28 మందితో చేసిన పోలికలో కప్పీ వాడినవాళ్లలో 62 శాతానికి భుజం నొప్పి వచ్చింది. థెరపిస్టు చేత్తో కదిలించినవాళ్లలో 8 శాతం. కీళ్లు బిగుసుకోకుండా సాగదీసి పట్టుకోవడం వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని లీసా హార్వీ బృందం 2017 కాక్రేన్ సమీక్షలో తేల్చింది. ఆ సమయం పేషెంట్ చేసే పనికి ఇవ్వండి. కరెంటు పెడితే, అది పెట్టినప్పుడు పేషెంట్ తానూ వేళ్లు తెరిచే ప్రయత్నం చేయాలి. పడుకుని సెల్‌ఫోన్ చూస్తుంటే దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పావురం రక్తం రాయించుకు వచ్చిన కుటుంబాన్ని కసురుకోవద్దు. దారితెన్నూ చూపినవాళ్లు లేక అటు పోయారు. వాళ్ల ముందే మొదటి నడక పరీక్ష చేసి అంకె చూపించండి.

రుజువు వెతకడం, చదవడం

"పక్షవాతానికి ఏది మంచిది?" అని వెతికితే ఏమీ దొరకదు. ప్రశ్నను నాలుగు ముక్కలు చేయండి. ఎవరికి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం. "మూడు నెలలు దాటిన పేషెంట్‌కి అద్దం పెడితే, ఊరికే అదే ఎక్సర్‌సైజ్ చేయించినదానికంటే బాక్స్ అండ్ బ్లాక్ అంకె పెరుగుతుందా?" పెడ్రో అనే వెబ్‌సైటు ఉచితం. సిడ్నీ ఫిజియోథెరపిస్టులు 1999లో మొదలుపెట్టారు. ప్రతి ట్రయల్‌కి పదికి ఎన్ని మార్కులో పక్కనే ఉంటాయి. మార్కుతోనే ఆగొద్దు. ఎవరు ఏ గ్రూపులోకి పోతారో ముందే తెలిసే వీలుందా, కొలిచినవాళ్లకు గ్రూపు తెలుసా, మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు అన్న మూడూ మీరే చూడండి.

మన దేశంలో చేసిన అటెండ్ ట్రయల్ ప్రతి ఇంటర్న్ చదివి తీరాలి. 14 ఆసుపత్రులు, 1250 మంది, 2017లో వచ్చింది. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చి వాళ్లచేతే ఎక్సర్‌సైజ్ చేయిస్తే మంచి జరుగుతుందా అని చూశారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు గ్రూపుల్లోనూ 47 శాతం. తేడా లేదు. మన దగ్గర సగం భారం కుటుంబమే మోస్తుంది కాబట్టి ఈ ఫలితం చేదుగా ఉంటుంది. అయినా దీన్ని నేర్పండి. కొన్ని గంటల శిక్షణతో కుటుంబాన్ని ఫిజియోథెరపిస్టు స్థానంలో నిలబెట్టలేమన్నది దీని అర్థం. కుటుంబానికి నేర్పొద్దని కాదు. నేర్పాక ప్రతి వారం కొలిచి, ఎత్తు తగ్గించి, లెక్క పెంచేవాళ్లు ఒకరుండాలి.

నేర్పడం

ఇంటర్న్‌కి లేవడం నేర్పించే పద్ధతిని నాలుగు దఫాలుగా నేర్పండి. మొదట మాట్లాడకుండా మీరు చేసి చూపండి. రెండోసారి ఒక్కో మెట్టూ చెబుతూ చేయండి. మూడోసారి ఇంటర్న్ చెబుతుంటే మీరు చేయండి. నాలుగోసారి తానే చెబుతూ చేయాలి. మూడో దఫాను చాలామంది దాటేస్తారు. ఏ మెట్టు అర్థం కాలేదో బయటపడేది అక్కడే. పేషెంట్ కోడలికి నేర్పేటప్పుడూ ఇదే వరస. "అర్థమైందామ్మా?" అని అడిగితే అందరూ తలూపుతారు. "రేపు ఇంట్లో ఎట్లా చేయిస్తావో నాకు చేసి చూపించమ్మా" అనండి.

నెలకోసారి ఇద్దరు ఇంటర్న్‌లతో ఒకే పేషెంట్‌కి విడివిడిగా బెర్గ్ వేయించి, కాగితాలు పక్కన పెట్టి చూడండి. నాలుగైదు మార్కుల తేడా వస్తే ఏ అంశం దగ్గర విడిపోయారో కూర్చుని తేల్చుకోండి. అది తేలకుండా పరిశోధన మొదలుపెడితే వచ్చే మార్పు పేషెంట్‌దో, కొలిచిన మనిషిదో తెలియదు. జర్నల్ క్లబ్‌కు (పరిశోధన పత్రాన్ని కలిసి చదివి చర్చించుకోవడం) ముప్పావుగంట, ఒకటే ట్రయల్. చివరి పావుగంట ఒకే ప్రశ్నకు ఇవ్వండి. రేపు ఆరో నంబర్ బెడ్ పేషెంట్‌కి దీన్నిబట్టి ఏం మారుస్తాం?

చిన్న పరిశోధన

ప్రశ్న మన వార్డులోంచే రావాలి. ఇక్కడివాళ్లకు ఒక ప్రత్యేకమైన విషయం ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికలకెక్కించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక లిగమెంట్లు రాయిలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి, కాళ్లు బిగుసుకుంటాయి. పడమటి పల్లెల నుంచి "నడుం పట్టేసింది, కాళ్లు ఈడుస్తా ఉండా" అంటూ వచ్చే పేషెంట్ మెడను తిప్పడం, గట్టిగా నొక్కడం చేయొద్దు. చేతుల్లో తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెంటనే న్యూరో డాక్టర్ దగ్గరికి పంపండి. ఈ పేషెంట్లకు ఏ శిక్షణతో నడక వేగం ఎంత మారుతుందో వరసగా కొలిచి రాస్తే, అది ఇంకెక్కడివాళ్లకో తేలిగ్గా దొరకని సమాచారం.

ఎంతమంది కావాలో ముందే లెక్కేయండి. చిన్న సూత్రం ఉంది. 16ను ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) వర్గంతో గుణించి, కనిపెట్టాలనుకునే తేడా వర్గంతో భాగించాలి. మీ రికార్డుల్లో నడక వేగం ప్రామాణిక విచలనం 0.25 ఉందనుకోండి, తేడా 0.16 కావాలి. 16 × 0.0625 ÷ 0.0256 = 39. అంటే ఒక్కో గ్రూపుకు 40 మంది. ఐదుగురిలో ఒకరు మధ్యలో మానేస్తారనుకుంటే 50. రెండు గ్రూపులకు వంద. నెలకు తగిన పేషెంట్లు ఎనిమిది మందే వస్తే ఏడాది దాటుతుంది. అంత వీలులేకపోతే ట్రయల్ జోలికి పోవద్దు. నలుగురైదుగురు పేషెంట్లను చికిత్సకు ముందు ఐదుసార్లు, చికిత్సలో ఐదుసార్లు, ఆపాక ఐదుసార్లు కొలిచి గ్రాఫ్ గీయండి. 20 మందితో చేసిన కుంటి ట్రయల్ కంటే అది ఎక్కువ చెబుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి మొదట. తర్వాత ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే వెబ్‌సైటు) నమోదు, ఖర్చు లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ను తీసుకోక ముందే నమోదు చేయాలి, తర్వాత చేస్తామంటే తీసుకోరు. సమ్మతి పత్రం తెలుగులో, వాడుక మాటల్లో రాయండి. చదువురాని పేషెంట్‌కి బయటి సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర వేయించండి, సాక్షి సంతకం కూడా ఉండాలి. వద్దన్నా చికిత్స ఆగదని మొదటి పేరాలోనే చెప్పండి.

ట్రయల్‌లో ఎవరు ఏ గ్రూపో తేల్చే చీటీలు వందా కంప్యూటర్ వరసతో, నాలుగు, ఆరు చొప్పున కలగలిపి తీసి కవర్లలో పెట్టాలి. మామూలు తెల్ల కవరు ట్యూబ్‌లైట్‌కి పెడితే లోపలి అక్షరం కనబడుతుంది. చీటీకి అల్యూమినియం రేకు చుట్టండి, కవరు మీద వరస నంబరు వేసి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేయించండి. ఆ కవర్లు చికిత్స చేసేవాళ్ల చేతిలో ఉండకూడదు. కొలిచే మనిషికి గ్రూపు తెలియకూడదు. ఇది దెబ్బతినేది తరచుగా పేషెంట్ నోటివల్లే, కూర్చోగానే "అద్దం పెట్టి చేయించినారు నాయనా" అనేస్తారు. ఏ గ్రూపో లోపల చెప్పొద్దని గది బయటే చెప్పి పంపండి. అయినా, చివర్లో "ఈయన ఏ గ్రూపు అనుకుంటున్నారు?" అని కొలిచినవాళ్లచేత రాయించండి.

మూడో నెల కొలతకు రాకపోవడమే ఇక్కడ అసలు గండం. వరి కోతలప్పుడు తీసుకొచ్చే మనిషి దొరకడు. ఉదయగిరి వైపు నుంచి బస్సు మారి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. పండగలు, కోతలు చూసి తేదీ వేయండి, రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి. రాలేనివాళ్ల ఇంటికే వెళ్లండి. 14 మీటర్ల నవారు పట్టీకి 2, 12 దగ్గర ఎర్ర దారం కుట్టి సంచిలో పెట్టుకుంటే, వీధిలో చదునైన సిమెంటు రోడ్డు మీద పరిచి అదే పరీక్ష చేయొచ్చు. పట్టీ మీద నడిపిస్తే కాలికి తగులుకుంటుంది, దాని పక్కన నడిపించండి. ఎక్కడ కొలిచారో, నేల ఎలా ఉందో అంకె పక్కనే రాయండి.